నాలుగు మూలల పసుపు

“పడవ నాదేనమ్మా. కాయితం నాదే, తప్పూ నాదే. మరింకేటీ అడక్కు” అన్నాడు నరసింగరావు.

ఠాణా వెనక గదిలో బల్లకి ఇవతల కూర్చున్న సత్యశ్రీ పెన్ను మూసి పక్కన పెట్టింది. భిలాయి వైశాలి నగర్‌లో ఎనిమిదేళ్లుగా డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్న మనిషి ఆమె. అబద్ధమాడి కేసులోంచి బయటపడాలని చూసినవాళ్లు ఆమెకి కొత్త కాదు. అబద్ధమాడి జైలుకెళ్లాలని తాపత్రయపడుతున్న మనిషిని మాత్రం ఇప్పుడే చూస్తోంది.

ఆదివారం సాయంత్రం రుఆబాంధా దాటాక ఉన్న పాత క్వారీ చెరువులో షికారు పడవ తిరగబడింది. ఆరుగురు ఎక్కాల్సిన దాంట్లో పదిమందిని ఎక్కించారు. లైఫ్ జాకెట్లు చూస్తే నాలుగే. తొమ్మిదిమంది ఎలాగో గట్టుకి చేరారు. భిలాయి-3 పేటలోని రైల్వే కుటుంబం కుర్రాడు సతీష్‌కుమార్ మాత్రం చేరలేదు. నడిపింది నరసింగరావు అల్లుడు యుగంధర్. గట్టెక్కుతూనే అతను పోలీసులకి ఇచ్చిన వాంగ్మూలం ఒకటే: “నేను జీతగాణ్ణి. ఓనరు మా మామగారు. ఎంతమందినైనా ఎక్కించమన్నది ఆయనే.”

సోమవారం పొద్దున్నే ఠాణాకి పిలిపించిన నరసింగరావుని సాయంత్రం అరెస్టు చేశారు. ఇప్పుడు మంగళవారం పొద్దు. మధ్యాహ్నం రెండింటికి దుర్గ్ కోర్టులో హాజరుపరుస్తారు. కోర్టులో కూడా ఇదే మాట అంటే అరవై ఆరేళ్ల చక్కెర రోగికి ఇక బెయిలు ఆశ వదులుకోవడమే.

“బాబాయ్, నిన్న మధ్యాహ్నం దాకా మీరేమన్నారో కానిస్టేబుళ్లందరికీ తెలుసు. పడవ అల్లుడికి ఇచ్చేశాను, కాగితం అతని పేరునే ఉంది, తెప్పించి చూడండని ఠాణా పైకప్పు ఎగిరేలా అరిచారట కదా?”

“కోపంలో ఏదో అనీసినాను.”

“కోపంలో నిజం చెప్పి, కోపం తగ్గాక అబద్ధం చెప్పే మనిషిని మిమ్మల్నే చూస్తున్నాను.”

నరసింగరావు స్టీలు ప్లాంటు మనిషి. రోలింగ్ మిల్లులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, న్యాయం తనవైపుంటే ఫోర్‌మన్ కాలరైనా పట్టుకునేవాడని పేరు. ఆ మనిషి ఇప్పుడు తలవంచుకుని తన చేతులకేసే చూసుకుంటున్నాడు.

“ఎప్పుడు మారింది మీ మాట? ఇన్‌స్పెక్టరు పడవలో దొరికిన రిజిస్ట్రేషన్ కాగితం తెచ్చి మీ ముందు పెట్టాడు. అప్పటిదాకా అరిచినవాళ్లు ఆ కాగితం చూడగానే చప్పబడిపోయారు. అందులో ఏముంది బాబాయ్?”

“నా పేరుంది.”

“ఉండకూడదు కదా?”

అతను తలెత్తాడు. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. “తల్లీ, నీకు పిల్లలున్నారేటి?”

“ఒక్కతే. అమ్ము. తొమ్మిదో క్లాసు.”

“అయితే మరి అడక్కు” అని మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఎన్ని విధాల అడిగినా పెదవి విప్పలేదు.

సత్యశ్రీకి ఒళ్లు మండింది, జాలీ వేసింది. నిన్న సాయంత్రం అతని భార్య నూకాలమ్మ, యుగంధర్ భార్యైన కూతురు భాగ్యరేఖ భుజం పట్టుకుని తన ఆఫీసు మెట్లెక్కింది. “మా ఆయన ఆ పడవ ఎక్కిన పాపాన పోలేదమ్మా” అని కుళ్లికుళ్లి ఏడ్చింది. భాగ్యరేఖ ఆమె చెయ్యి నిమురుతూ కూర్చుంది. ఆ ఇద్దరికీ తను మాటిచ్చింది. మాటిచ్చినప్పుడు, తనకి అడ్డు నిలిచేది ఆ ముసలాయనే అవుతాడని కలలో కూడా అనుకోలేదు.

“హో గయా దీదీ? అయిపోయిందా?” అంటూ లోపలికొచ్చాడు ఇన్‌స్పెక్టర్ శశిధర్.

స్టీలు ప్లాంటు సెక్టారు స్కూల్లో సత్యశ్రీకి రెండు తరగతులు జూనియర్. స్కూలు క్విజ్‌లో ఆమె చేతిలో ఓడిపోయిన కసి ఇప్పటికీ పోలేదు. దీదీ, అంటే అక్కా అని పిలుస్తూనే ఎక్కడ దొరుకుతుందా అని చూస్తుంటాడు.

“ముద్దాయి ఒప్పుకున్నాడు, సాక్షి చెప్పాడు, కాగితం దొరికింది. మీ ఫీజు మీరు తిరిగిచ్చేయొచ్చు.”

“కాగితం ఒకసారి చూపించు.”

శశిధర్ బల్ల సొరుగులోంచి పారదర్శకంగా ఉన్న సంచీ తీసి ఆమె ముందు పెట్టాడు. అందులో లామినేట్ చేసిన సర్టిఫికెట్. పైన ప్రభుత్వ ముద్ర, కింద పడవ నంబరు, ఇంజన్ నంబరు, ఆరుగురికే అనుమతి. యజమాని పేరు నరసింగరావు. తేదీ కిందటి నవంబరు పద్దెనిమిది. తలభాగాన కన్నం పొడిచి నీలం నైలాను తాడు కట్టారు. ప్లాస్టిక్కు లోపల, కాగితం నాలుగు మూలలా పసుపు బొట్లు.

“షికారు పడవైనా సరే, రిజిస్ట్రేషన్ అసలు కాగితం పడవలోనే ఉండాలి. తనిఖీకొచ్చినవాడికి అక్కడికక్కడే చూపించాలి. రూలు” అన్నాడు శశిధర్ పాఠం అప్పజెప్పినట్టు. “సీటు కింద పెట్టెలో, తాడుతో కట్టి మరీ ఉంచాడు. ఇంత బుద్ధిమంతుణ్ణి నా సర్వీసులో చూడలేదు.”

“నేనూ చూడలేదు” అంది సత్యశ్రీ. “మనవాళ్లు అసలు కాగితం బీరువాలో పెట్టి, జిరాక్సు బండిలో పెడతారు. చలానా కడతారు గానీ అసలు బయటికి తియ్యరు. రిజిస్ట్రేషన్ ఆఫీసుని అడిగావా?”

“మెయిలు పెట్టాను. జవాబొచ్చేసరికి హోలీ వెళ్లిపోతుంది. అయినా అసలు చేతిలో ఉండగా ఆఫీసు ఎందుకు?”

ఆమె సంచీని వెలుతురుకెత్తి పట్టింది. పసుపు బొట్లు పొడిపొడిగా, గింజలు గింజలుగా కనిపిస్తున్నాయి. ఫోన్‌తో ఫోటో తీసుకుంది.

“ఇదెప్పుడు దొరికింది?”

“నిన్న పన్నెండింటికి. పడవని పదింటికి బయటికి లాగాం.”

“ఆదివారం సాయంత్రం మునిగి, సోమవారం పదింటికి తేలిందన్నమాట. నాకా పడవ చూడాలి. ఇప్పుడే.”

“దేనికి? మీరు బోటింగుకి వెళ్లాలనుకుంటే వేసవి సెలవులున్నాయి.”

“నువ్వూ రా. నాకేమీ దొరక్కపోతే అక్కడే అందరి ముందూ ఓడిపోయానని చెప్తాను. క్విజ్ లెక్క సరి.”

ఆ మాట పనిచేసింది. శశిధర్ జీపు తాళాలు అందుకున్నాడు.

*

పడవ గట్టుమీద పక్కకి ఒరిగి ఉంది. చుట్టూ పోలీసు రిబ్బను. కాపలా సిపాయి చెట్టు కింద నుంచి లేచి చొక్కా సర్దుకున్నాడు. జెట్టీ వాచ్‌మన్ చిట్టిబాబు, విజయనగరం నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే తల నెరిసిన మనిషి, సెల్యూట్ కొట్టాలో నమస్కారం పెట్టాలో తెలియక రెండూ కలిపి ఒకటి చేశాడు.

సత్యశ్రీ చెప్పులు వదిలి పడవలోకి దిగింది. డ్రైవరు సీటు ఎత్తితే కింద రేకు పెట్టె. అడుగున ఇంకా బురద ఉంది. ఒక మూల మెత్తటి తెల్ల ముద్ద, పట్టుకుంటే వేళ్లకి అంటుకుంది. ఒకప్పుడు అది జిరాక్సు కాగితమై ఉండాలి. పక్కనే కొక్కేనికి నీలం నైలాను తాడుతో వేలాడుతున్న లామినేటెడ్ కార్డు. ప్రయాణికులు పాటించాల్సిన నియమాలు.

ఆమె కార్డు చేతిలోకి తీసుకుంది, బొటనవేలితో నొక్కింది. ప్లాస్టిక్కు లోపల మట్టినీళ్లు అటూ ఇటూ కదిలాయి. అక్షరాలు కరిగి ఊదారంగు మరకగా మారాయి. ఒక్క నియమం కూడా చదవడానికి మిగల్లేదు.

“శశిధర్, ఇలా రా. ఇది రాత్రంతా ఎక్కడుంది?”

“ఇదే పెట్టెలో, నీళ్లలో.”

“నీకు దొరికిన కాగితం?”

“అదీ ఇదే పెట్టెలో.” అంటూనే అతని గొంతు తడబడింది.

“దీనికీ కన్నం పొడిచారు, దానికీ పొడిచారు. కన్నం పొడిచాక లామినేషన్ ఎంత గట్టిదైనా ఒకటే, నీళ్లు లోపలికి వెళ్తాయి. దీంట్లోకి వెళ్లాయి. దాంట్లోకి వెళ్లలేదేం? పసుపు పొడి గింజైనా చెదరలేదు. నీళ్లకి మొహమాటం ఉండదు కదా?”

శశిధర్ కార్డు లాక్కుని తనూ నొక్కి చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. పంచనామా మీద అతని సంతకం ఉంది మరి.

“అంటే... పడవ బయటికొచ్చాక పెట్టారా? అసంభవ్! నా మనిషి కాపలా ఉన్నాడు. ఏయ్, నిన్న పది నుంచి పన్నెండు దాకా ఎవరొచ్చారు?”

సిపాయి అడ్డంగా తలూపాడు. “కోయీ నహీఁ సాబ్.”

“ఎవురూ రాలేదు బాబూ” అని వంత పాడాడు చిట్టిబాబు. “ఒక ఆడకూతురొచ్చినాది గానీ... ఆవిడ లెక్కలోకి రాదు.”

“ఎందుకు రాదు?” అంది సత్యశ్రీ.

“పూజకొచ్చినాదమ్మా. పళ్లెంలో కొబ్బరికాయ, పువ్వులు, పసుపూ కుంకుమా. మనిషిని మింగిన నీళ్లకి సాంతి సెయ్యాల కదా, ఎవురో ఒకరు సేస్తే మంచిదే అనుకున్నాను. తలమీది ఓఢ్నీ మొకం మీదికి లాక్కుంది, ఎవురో తెలీలేదు. పడవ ముక్కుకి బొట్టెట్టినాది. సీటుకాడ లోపలికొంగి పువ్వులేసినాది. సిపాయి బాబు కూడా దండమెట్టుకున్నారు.”

సిపాయి నేల చూపులు చూశాడు.

సత్యశ్రీ వంగి పడవ ముక్కు చూసింది. నిజమే, కుంకుమ ఎండి అట్టకట్టింది. ఎంత తెలివి! ముసుగు దొంగనైతే ఊరంతా తరుముతుంది. ముసుగేసుకుని పసుపు కుంకుమలు పట్టుకొచ్చిన ఆడమనిషికి పోలీసే దారి ఇచ్చి దండం పెడతాడు.

“సరే, కాగితం తర్వాతే పెట్టారు” అన్నాడు శశిధర్, ఓటమిని చప్పున మింగేసి. “అయితే మాత్రం? పసుపు చూశారుగా. నిన్న నరసింగరావు ఇల్లు సోదా చేశాం. గ్యాసు కార్డు, పాసుబుక్కు, స్కూటరు కాగితాలు, ప్రతిదానికీ నాలుగు మూలలా పసుపే. ఆ ఇంట్లో కొత్త కాగితం గుమ్మం దాటాలంటే ముందు మీ క్లయింటు పసుపు పెట్టాలట. ఆవిడే అంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టుకుంటాను.”

“నూకాలమ్మ పిన్నా? మొగుణ్ణి జైల్లో పెట్టించే కాగితం ఆవిడే తెచ్చి పెట్టిందా?”

“పడవలో కాగితం లేకపోతే కేసు పెద్దదవుతుందని ఎవరో చెప్పి ఉంటారు. పాపం, మంచి చెయ్యబోయి ఇరికించింది. అందుకే ముసలాయన చూడగానే నోరు మూసుకున్నాడు. పెళ్లాన్ని కాపాడుకోవాలి కదా!” అతనికి మళ్లీ ఊపిరాడింది. “కోర్టు పనవగానే నేరుగా రుఆబాంధా క్వార్టరుకే వస్తాను దీదీ. సాక్ష్యం తారుమారు చేసినందుకు ఆవిణ్ణి తీసుకెళ్తాను. మీరే దారి చూపించారు, థాంక్యూ.”

జీపు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. సత్యశ్రీ ఆ దుమ్ములోనే నిలబడిపోయింది. ముసలాయన్ని బయటికి తెస్తానని వచ్చి, ముసలామెని కూడా లోపలికి పంపే ఏర్పాటు చేసింది తను. అంతకంటే భయం, శశిధర్ చెప్పిన దాంట్లో తప్పెక్కడుందో ఆమెకి దొరకడం లేదు.

*

రుఆబాంధా క్వార్టరులో నూకాలమ్మ కోర్టుకి వెళ్లడానికి తయారై ముందుగదిలో కూర్చుని ఉంది. ఒళ్లో భర్తకి పెట్టిన టిఫిను డబ్బా, మాత్రల చీటీ. గోడమీద దండ వేసిన అత్తగారి ఫోటో. పక్క గూట్లో నూకాంబిక పటం, దాని ముందు చిన్న దీపం.

“రామ్మా. ఆయనేటన్నారు? తిన్నారా?”

నిన్న సాయంత్రం నుంచి తల్లి దగ్గరే ఉన్న భాగ్యరేఖ వంటింట్లోంచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. రాత్రంతా ఏడ్చినట్టు కళ్లు ఉబ్బిపోయాయి. “దీదీ, నాన్నకి బెయిల్ మిల్ జాయేగా నా? దొరుకుతుంది కదా?” అని గొణిగి, జవాబు వినకుండానే లోపలికి వెళ్లిపోయింది.

సత్యశ్రీ గ్లాసు పక్కన పెట్టింది. డొంకతిరుగుడుకి టైము లేదు. “పిన్నీ, నా కళ్లలోకి చూసి చెప్పు. నిన్న పొద్దున పూజ పళ్లెం పట్టుకుని పడవ దగ్గరికి వెళ్లింది నువ్వేనా?”

“ఏటి పళ్లెం?” నూకాలమ్మ నోరు తెరుచుకుంది. “నిన్న పొద్దున నేను మంచం మీంచి లేవలేదమ్మా. బీపీ పెరిగిపోతే పక్కింటి పద్మశ్రీ నా దగ్గరే కూకుంది. అడుగు కావలిస్తే.”

ఆమె ముఖంలో దాచుకున్నదేదీ లేదు. సత్యశ్రీ ఫోన్ తీసి కాగితం ఫోటో పెద్దది చేసి చూపించింది. “ఇది చూడు.”

నూకాలమ్మకి హిందీ, ఇంగ్లీషు అక్షరాలు రావు. ఆమె కళ్లు తిన్నగా మూలలకి వెళ్లాయి. “అదిగో! పసుపు! మా ఇంటి కాయితమే. నేను సెప్పనేదా, అసలు కాయితం దొరికితే నిజం తెలిసిపోద్దని...” అంటూ చెయ్యి పటంవైపు ఎత్తబోయింది. ఎత్తిన చెయ్యి సగంలో ఆగిపోయింది.

“పిన్నీ?”

“దీని మీద తేదీ ఏటుంది?”

“నవంబరు పద్దెనిమిది. అంటే కార్తీకం.”

నూకాలమ్మ ఫోటోలోని అత్తగారికేసి చూసింది. మళ్లీ ఫోన్ చూసింది. ఒళ్లో డబ్బా జారి కింద పడింది, ఆవిడ గమనించలేదు.

“మా అత్త కిందటి స్రావణంలో పోనాదమ్మా” అంది నెమ్మదిగా. “ఏడు తిరగనేదు. ఇంకా తిరగనేదు. సంకురాత్రికి కూడా మేము పొయ్యిమీద మూకుడెట్టలేదు. మామూలు దీపమే గానీ కొత్తదేదీ పూజలో ఎట్టలేదు. పడవ కాయితం కార్తీకంలో ఈ ఇంటికే పోస్టులో వొచ్చినాది. అలవాటు కదా, పసుపు డబ్బా తీసినాను. ఆయనే సెయ్యట్టుకున్నారు. ‘అమ్మ పోయి ఏడు తిరగలేదే, కొత్త కాయితానికి పసుపేటి’ అన్నారు. డబ్బా మూసీసినాను. బోడి కాయితమే అల్లుడి సేతిలో ఎట్టినాను. ఆ బాబు ఇంటికట్టుకెల్లిపోనాడు.”

సత్యశ్రీ కుర్చీలో ముందుకి జరిగింది. అయితే అసలు కాగితానికి పసుపు లేదు. పసుపున్నది దొంగ కాగితం. ఇప్పుడు మిగిలిన ప్రశ్న ఒకటే, ఆ పసుపు పెట్టిందెవరు?

అల్లుడు కాదు. పసుపు లేని కాగితాన్ని చేతులారా అందుకున్నవాడికి పసుపు పెట్టాలన్న ఆలోచన ఎందుకొస్తుంది? బయటివాళ్లకి ఈ ఇంటి అలవాటు తెలియదు. అలవాటు తెలిసినవాళ్లు కావాలి. అయితే ఈ ఇంట్లో బతుకుతున్నవాళ్లు కాకూడదు, ఉంటే ఆ సంవత్సరం పసుపు మీదికి చెయ్యి పోదు.

“పిన్నీ,” ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది, “మీ అత్తగారి మైల ఏడాదంతా ఎవరెవరికుంది?”

“ఆయనకి, నాకు.”

“ఎవరికి లేదు?”

నూకాలమ్మ వంటింటి గుమ్మంవైపు తిరిగింది.

“పెల్లయిన ఆడపిల్లకి... మూడు రోజులే కదమ్మా.”

ఇద్దరిలో ఎవరూ పేరు పలకలేదు. సత్యశ్రీకి ఠాణాలో ముసలాయన అడిగిన ప్రశ్న చెవిలో మోగింది. నీకు పిల్లలున్నారేటి? అంత సూటిగా చెప్పాడు, తను వినిపించుకోలేదు! కాగితం మీద తన పేరు చూసి కాదు అతను చప్పబడింది. మూలల్లో పసుపు చూసి.

అప్పుడే ఘాటుగా కమురు వాసన వచ్చింది. ప్లాస్టిక్కు కాలుతున్న వాసన.

సత్యశ్రీ లేచి పరిగెత్తింది, కానీ నూకాలమ్మ ఆమెకంటే ముందు చేరింది. నిన్న మంచం దిగలేకపోయిన మనిషి ఆవిడేనా అనిపించింది. భాగ్యరేఖ పొయ్యి దగ్గర నిలబడి, పట్టకారుతో ఏదో మంటమీద పట్టుకుని ఉంది. లామినేషన్ ముడుచుకుపోయి నల్లగా బొట్లు బొట్లుగా రాలుతోంది.

నూకాలమ్మ అరవలేదు. గ్యాసు కట్టేసింది. కూతురి చేతిలోంచి పట్టకారు తీసుకుని, కాగితాన్ని నీళ్ల గిన్నెలో ముంచి పైకి తీసింది. ఒక పక్క కాలిపోయింది. మిగిలిన పక్క రెండు మూలలు, నంబరు, యజమాని పేరు భద్రంగా ఉన్నాయి. మూలలు తెల్లగా ఉన్నాయి.

“ఏటి రాసుందమ్మా?” అని సత్యశ్రీకి చూపించింది.

“యుగంధర్” అని చదివింది సత్యశ్రీ. వెంటనే ఫోటో తీసింది.

భాగ్యరేఖ పొయ్యి గట్టుకి ఆనుకుని కిందికి జారిపోయింది. “మమ్మీ, అలా మత్ దేఖో, చూడకు. ఆయన ఆదివారం రాత్రే కొత్తది ప్రింటు తీయించాడు, నన్నే పడవలో పెట్టి రమ్మన్నాడు. నేను జైలుకెళ్తే నువ్వు రోడ్డు మీద పడతావన్నాడు. నాన్న బుజుర్గ్, పెద్ద వయసు కదా, నాలుగు రోజుల్లో వదిలేస్తారన్నాడు. అసలుది కాల్చెయ్యమన్నాడు. కసమ్‌సే మమ్మీ, ఒట్టు, నా చేతులు రాలేదు, బ్యాగులో పెట్టుకుని తిరిగాను. ఇప్పుడు మీ మాటలు విని...”

“పసుపెందుకెట్టినావే?”

“నాన్న చూస్తే ఇది మనది కాదని గొడవ చేస్తాడనుకున్నాను. పసుపుంటే మనింటి కాగితమే అనుకుని, తికమకపడి ఊరుకుంటాడనుకున్నాను. నానమ్మ మైల సంగతి యాదే నహీఁ ఆయా, గుర్తే రాలేదు.”

నూకాలమ్మ కూతురికేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు, నమ్మలేకపోవడమే ఉంది. ఎత్తుకుని పెంచిన పిల్ల మొహంలో ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూసింది.

“ఊరుకున్నాడే” అంది. “తికమకపడి కాదు. నీ సెయ్యి గుర్తుపట్టి ఊరుకున్నాడు.”

భాగ్యరేఖ మోకాళ్లలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

సత్యశ్రీ శశిధర్‌కి ఫోన్ చేసింది. ఎత్తలేదు. బహుశా కోర్టుకి బయల్దేరి ఉంటాడు. ఫోటో పంపి, వెంటనే రమ్మని రాసింది. అది అతను చూసిన గుర్తు ఇంకా రాలేదు. బయట మోటారు సైకిలు ఆగిన చప్పుడైంది. గేటు గడియ కిర్రుమంది.

“అత్తయ్యా, రెడీయేనా? చలో, కోర్టుకి టైమైంది!”

భాగ్యరేఖ తలెత్తింది. ముఖం సున్నం కొట్టినట్టయింది. “కోర్టు కోసం కాదు దీదీ. కాల్చానా లేదా చూడ్డానికొచ్చాడు. పొద్దుట్నుంచి ఫోన్ మీద ఫోన్. వాసన తెలిసిపోతుంది, మిగిలిన ముక్క అడుగుతాడు... మమ్మీ, అది ఆయనకివ్వకు!”

నూకాలమ్మ కాగితాన్ని పైటచెంగుతో తుడిచింది. ముందుగదిలోకి నడిచి, గూట్లో పసుపు డబ్బా మూత తీసింది. ముప్పై ఏళ్ల అలవాటు, ఉంగరపు వేలు దానంతట అదే పసుపులోకి వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. వేలు దులుపుకుని డబ్బా మూసేసింది.

“వొద్దు. ఇది బోడిగానే ఉండాల” అంది.

కుర్చీ ఎక్కి, దండ పక్కకి జరిపి, ఆ సగం కాలిన కాగితాన్ని అత్తగారి ఫోటో వెనక దోపింది. “నీ కొడుకు పాణం నీ యెనకే ఎట్టినాను అత్తా. జాగర్త” అని ఫోటోకి దండం పెట్టింది.

తలుపు దబదబా మోగింది. “భాగ్యా! ఏంటీ వాసన? దర్వాజా ఖోలో!”

సత్యశ్రీ తలుపుకి అడ్డంగా వెళ్లి నిలబడబోయింది. నూకాలమ్మ ఆమె భుజమ్మీద చెయ్యి వేసి పక్కకి తప్పించింది. కింద పడిన టిఫిను డబ్బా తీసి చంకలో పెట్టుకుంది. కళ్లు తుడుచుకుంది.

“వస్తన్నాను బాబూ” అంది, అల్లుడికి పిండివంటలు వడ్డించేటప్పటి గొంతుతోనే, గడియ తీస్తూ.